నిలోఫర్ ఉద్యోగం

ఫారం నింపాలంటే కావ్యశ్రీ దగ్గరికి వెళ్ళు అనడం ఎడ్మంటన్‌లో మావాళ్ళకి అలవాటు. స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్, వర్క్ పర్మిట్, రిఫ్యూజల్ వస్తే మళ్ళీ అప్లై చేయడం, ఏదైనా సరే. నేను ముందు కసురుకుంటాను, తర్వాత తిడతాను, ఆఖరికి నింపి పెడతాను. ఇక్కడ కాలేజీలో చేరకముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వీసా కన్సల్టెన్సీలో మూడేళ్ళు పనిచేశాను. అక్కడ నా పని కాగితాలు రాయడం. డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళు ఊరికే తిరిగినవాడికి నాలుగేళ్ళ ఉద్యోగం రాసేదాన్ని. కౌలు రైతుని వ్యవసాయ వ్యాపారిని చేసేదాన్ని. మా బాస్ కోదండరామ్ గారు దాన్ని అబద్ధం అననిచ్చేవారు కాదు. "అబద్ధం కాదమ్మా, ప్రెజెంటేషన్. ఉన్న మనిషికే ఇస్త్రీ బట్టలు తొడుగుతున్నాం, అంతే," అనేవారు.

ఆయన మాక్ ఇంటర్వ్యూలు కూడా చేయించేవారు. ఆఫీసర్‌లాగా ఎదురుగా కూర్చుని గట్టిగట్టిగా ప్రశ్నలు వేసి, ఉన్నట్టుండి గొంతు మెత్తగా చేసి, "కాగితాల్లో ఏదైనా పొరపాటు ఉంటే ఇప్పుడే చెప్పెయ్యమ్మా, ఏం ఫర్వాలేదు," అనేవారు. కొందరు పిల్లలు కరిగిపోయి నిజం చెప్పేసేవాళ్ళు. అప్పుడు అరచేత్తో బల్ల మీద ఒక్కటిచ్చి, "అదీ గొయ్యి! పడ్డావ్! వాడు ఎంత మెత్తగా అడిగితే అంత లోతు. ఒకసారి కాగితం మీద పెట్టాక బ్రహ్మదేవుడు దిగొచ్చి అడిగినా అదే మాట," అనేవారు. మూడేళ్ళలో ఆ మాట నేను కొన్ని వందలసార్లు విన్నాను. తర్వాత్తర్వాత నేనే చెప్పేదాన్ని, నేనే బల్ల గుద్దేదాన్ని.

ఆ ఇస్త్రీ బట్టలు నేనూ తొడుక్కునే ఇక్కడికి వచ్చాను. మా నాన్న కొమరయ్య కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్. సెల్లార్‌లో కార్ల పక్కన ఒక గది, అందులో పెరిగాను. స్కూలు స్నేహితులు వస్తే, గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి మా నాన్న అని చెప్పేదాన్ని కాదు. పైఅంతస్తుల వాళ్ళు "ఏయ్ వాచ్‌మన్" అని పిలిస్తే నాకు ఒళ్ళు మండిపోయేది, ఆయన మాత్రం నవ్వుతూ లేచేవాడు. నా వీసా ఫైల్లో తండ్రి వృత్తి ఫెసిలిటీ మేనేజర్ అని రాశాను. లెటర్‌హెడ్ నేనే తయారుచేశాను, స్టాంపు నేనే వేశాను. వీసా వచ్చింది. ఇంకేం కావాలి నాకు, నా పనితనం మీద నమ్మకం కుదరడానికి!

జర్ఘూనా ఆపాతో పరిచయం పెద్ద కిరాణా స్టోరు బేకరీలో. నాది కేకుల కౌంటరు, ఆమెది వెనక బ్రెడ్ ప్యాకింగ్. ఆమె కాబూల్ మనిషి, నలభైకి దగ్గర వయసు. చిన్నప్పుడు పెషావర్ శరణార్థుల క్యాంపులో పెరిగింది కాబట్టి ఉర్దూ వచ్చు, నాది హైదరాబాదీ హిందీ. రెండూ కలిపి మేం మాట్లాడుకునే భాష వింటే పక్కనున్న పంజాబీ పిల్లలు నవ్వేవాళ్ళు. నేను ఆమెని అక్కా అనే అర్థంలో ఆపా అనేదాన్ని, ఆమె నన్ను కావ్యా జాన్ అనేది. శుక్రవారం శుక్రవారం బంగాళదుంప కూరిన బొలానీ రొట్టెలు చేసుకొచ్చి నాకు పెట్టందే బ్రేక్ టైం అయ్యేది కాదు. ఇంగ్లీషు చదవడం, రాయడం ఆమెకి రాదు. ఆమె జీతం కాగితాలు, బ్యాంకు ఉత్తరాలు అన్నీ నేనే చూసేదాన్ని.

2021 ఆగస్టు. ఇక్కడ అడవులు తగలబడి ఊరంతా పొగ, గొంతు మంట. అమెరికా సైన్యం ఇరవై ఏళ్ళ కాపురం చాలించుకుని కాబూల్ నుంచి సామాను సర్దుకుంటోంది. పదిహేనో తారీకున ఆ ఊరు తాలిబన్ల చేతికి పోయింది. మర్నాడు బ్రేక్ రూం టీవీలో, రన్‌వే మీద విమానం వెంట పరిగెత్తుతున్న జనాన్ని చూస్తూ ఆపా చేతిలో ఉన్న టీ కప్పు అలాగే వదిలేసింది. నేను గుడ్డ తెచ్చి తుడుస్తుంటే, "నా చెల్లెలు అక్కడే ఉంది," అంది.

చెల్లెలి పేరు నిలోఫర్. మాకు హైదరాబాద్‌లో నిలోఫర్ అంటే పిల్లల దవాఖాన. ఆ మాట చెబితే ఆపా ఆ ఏడుపులోనూ కొంచెం నవ్వింది. మొగుళ్ళ దెబ్బలకి, తండ్రులు ముసలాళ్ళకి కట్టబెట్టే పెళ్ళిళ్ళకి తట్టుకోలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్ళని దాచే ఇల్లు ఒకటి కాబూల్‌లో ఉండేది. నిలోఫర్ ఏడేళ్ళుగా అక్కడ పనిచేసింది. ఊరు పడిపోయిన రోజే ఆ ఇల్లు మూసేశారు. లోపలున్న ఆడవాళ్ళని తలా ఒక దిక్కు పంపేశారు. ఆ ఇంటి కేసుల్లో జైలుకి పోయిన మగవాళ్ళందరికీ జైలు తలుపులు తెరుచుకున్నాయి.

మర్నాడు పొద్దున వీడియో కాల్‌లో నిలోఫర్‌ని చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, నా ఈడుదే. తన నంబరు చాలామందికి తెలుసని సిమ్ విరిచేసింది, ఐడీ కార్డు పొయ్యిలో వేసేసింది. పక్కింటి వాళ్ళ ఫోన్లో మాట్లాడుతోంది. హిందీ సీరియళ్ళు చూసి నేర్చుకున్న హిందీ, అచ్చం అత్తగారి పాత్ర మాట్లాడినట్టే ఉంది.

"అక్కడ నువ్వేం పని చేసేదానివి?" అని అడిగాను.

"నా పని గేటు," అంది. "లోపల నలభై మంది ఆడవాళ్ళు. బయట వాళ్ళ మొగుళ్ళు, అన్నలు, మామలు. మధ్యలో నేను. ఇనప గేటుకి అరచేతంత కిటికీ. వచ్చినవాడు నా మొహం చూస్తాడు, నేను వాడి మొహం చూస్తాను. మిఠాయి డబ్బాతో వచ్చినవాళ్ళున్నారు, కిరోసిన్ డబ్బాతో వచ్చినవాళ్ళున్నారు. ఏడేళ్ళలో ఒక్కడూ లోపలికి రాలేదు, కావ్యా. ఒక్కడూ!"

"మరి లాయర్లు, ఆఫీసర్లు ఉండేవాళ్ళు కదా?"

"ఉండేవాళ్ళు. వాళ్ళు లోపల గదుల్లో ఉంటారు, వెనక దారిన కార్లో పోతారు. వాళ్ళ మొహాలు ఎవడూ చూడలేదు. నిన్న బజారులో ఒకడు కనిపించాడు, భార్య చెవి కోసినవాడు. వాడి పేరు కూడా గుర్తుంది నాకు. బురఖాలో ఉన్నాను కాబట్టి సరిపోయింది."

అంత వివరంగా చెప్పింది పిచ్చిది. నా చెవికి ఎక్కింది మాత్రం ఒక్కటే మాట, వాచ్‌మన్.

ఆ ఇంటికి ఏళ్ళ తరబడి సాయం పంపిన చిన్న సంఘం ఒకటి ఎడ్మంటన్‌లోనే ఉంది. నడిపేది హెలెన్ అనే రిటైరైన టీచరమ్మ. ఆడవాళ్ళ హక్కుల కోసం పనిచేసినవాళ్ళని ఎయిర్‌పోర్టు లోపలికి చేర్చడానికి వాళ్ళు ఎలాగో ఒక బస్సుకి అనుమతి సంపాదించారు. పదకొండు సీట్లు. తెలిసినవాళ్ళ ద్వారా ఆపా అడిగితే, మీ చెల్లెలు ఎవరో, అక్కడ ఏం చేసేదో ఒక కాగితం మీద రాసి పంపండి అన్నారు. ఆపా ఆ మాట పట్టుకుని పరిగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఇంకెవరి దగ్గరికి పోతుంది?

ఆ సాయంత్రం మా బేస్‌మెంట్లో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. నా రూమ్మేట్ వర్ష, గుంటూరు పిల్ల, పొయ్యి దగ్గర ఉప్మా చేస్తూ వెనక నుంచి స్క్రీన్ మీదికి వంగి చూసింది.

"అక్కా, ఆవిడ చేసేది గేటు దగ్గర కదా? సీనియర్ లీగల్ ఆఫీసర్ అని రాశావేంటి?"

"గేటు కాడ కూసుంటది అని రాస్తే ఎవరు చూస్తరే? పదకొండే సీట్లు. అక్కడ జడ్జిలున్నరు, డాక్టర్లున్నరు. వాళ్ళనిడిచిపెట్టి వాచ్‌మన్‌కి ఇస్తరా?"

"ఏమో. వాళ్ళేం వీసా ఆఫీసర్లు కాదుగా. ఉన్నది ఉన్నట్టు రాస్తే పోయేదేముంది?"

"నీ ఫైల్ ఎవరు రాసిన్రు? నేనే కదా! అయిందా లేదా? ఉప్మా అడుగంటుతుంది, అది చూసుకో పో."

వర్ష మూతి తిప్పుకుని పోయింది. నేను ఆ ఇంటి వెబ్‌సైట్ నుంచి బొమ్మ తీసి లెటర్‌హెడ్ చేశాను. నూట నలభై కేసులు చూసింది అని రాశాను. ఆ ఇంటి డైరెక్టర్ డాక్టర్ మర్యం అని వెబ్‌సైట్‌లో ఉంది, ఆమె పేరుతో సంతకం కూడా గీశాను. ఆపా పేరు మీద కొత్త ఈమెయిల్ తెరిచి దాన్నుంచి పంపాను. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంచుకున్నాను. కన్సల్టెన్సీ పద్ధతి అది, క్లయింటుకి మెయిల్ పాస్‌వర్డ్ ఇవ్వం. ఇస్తే తెలిసీ తెలియక ఏదో ఒకటి కెలుకుతారు.

మర్నాడు చెబితే ఆపా మొహం వెలిగిపోయింది. "లీగల్ ఆఫీసరా? మా నిలోఫరా?" అని రెండుసార్లు అడిగింది. మళ్ళీ తనే మెల్లగా, "కానీ అది నిజం కాదు కదా జాన్?" అంది.

"నిజం ఎవరికి కావాలి ఆపా? మనకి సీటు కావాలి. ఎవరు అడిగినా ఇదే చెప్పు. నిలోఫర్‌కి కూడా చెప్పు."

"నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలుసు," అంది.

ఆ మాటకి నేను పొంగిపోయాను. అవును, దాచడం దేనికి, పొంగిపోయాను.

ఆగస్టు ఇరవై అయిదు, పొద్దున తొమ్మిదిన్నర. కాబూల్‌లో రాత్రి ఎనిమిది. బస్సు ఆ రాత్రే కదులుతుందని తెలుసు. నిలోఫర్ ఒక చిన్న సంచితో తెలిసినవాళ్ళ ఇంట్లో గుమ్మం పక్కనే కూర్చుని ఉంది, కబురు వస్తే పరిగెత్తడానికి. బ్రేక్ రూంలో మేమిద్దరమే ఉన్నాం. ఆపా ఫోన్ మోగింది. హెలెన్. స్పీకర్ ఆన్ చేసి, ఆపా తరఫున మాట్లాడేది నేనేనని చెప్పాను. ఆపా నా ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

హెలెన్ గొంతులో అలసట తెలుస్తోంది. ఎన్ని రోజులైందో పాపం నిద్రపోయి. "నిలోఫర్ గురించి ఒక్క విషయం కనుక్కోవాలి. ఆమె అక్కడ లీగల్ ఆఫీసరా?"

"అవును మేడమ్."

"ఆ ఉత్తరం డాక్టర్ మర్యం స్వయంగా ఇచ్చిందా?"

"అవును మేడమ్."

తర్వాత ఆమె గొంతు మెత్తబడింది. "చూడమ్మా, ఇవి మామూలు రోజులు కావు. భయంలో జనం ఏవేవో రాస్తారు, నేను అర్థం చేసుకోగలను. ఆమె అక్కడ వేరే ఏదైనా పని చేసి ఉంటే, ఏ పనైనా సరే, ఇప్పుడు చెప్పు. దానివల్ల మీకు ఏ నష్టమూ ఉండదు. నేను మాటిస్తున్నాను."

ఇదే! అచ్చం ఇదే! మూడేళ్ళు కొన్ని వందలసార్లు విన్న మాట, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. ఎంత మెత్తగా అడిగితే అంత లోతు. నేనేం కొత్త పిల్లనా, పడిపోవడానికి? కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

"ఏమంటోంది?" అని ఆపా గుసగుసగా అడిగింది.

"ఏం లేదు ఆపా. కన్ఫర్మ్ చేసుకుంటోంది." ఫోన్ వైపు తిరిగి, కోదండరామ్ గారు నేర్పినట్టే తడబడకుండా, నవ్వుతున్న గొంతుతో చెప్పాను. "ఆమె సీనియర్ లీగల్ ఆఫీసర్ మేడమ్. వేరే పని ఎప్పుడూ చేయలేదు."

"సరే," అంది హెలెన్. "థాంక్యూ."

ఫోన్ పెట్టేశాక ఆపా నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నేను కౌంటర్ దగ్గరికి పోయి ఒక పుట్టినరోజు కేకు మీద పేరు రాశాను. అక్షరాలు చక్కగా వచ్చాయి.

ఆ రాత్రి నిలోఫర్‌కి కబురు రాలేదు. మర్నాడు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర బాంబు పేలింది. ఎన్ని శవాలో! "అక్కడ లేకపోవడమే మంచిదైంది," అని ఆపా దేవుడికి దండం పెట్టుకుంది. నేను కూడా అదే అనుకుని మనసుకి సర్ది చెప్పుకున్నాను.

ఇరవై ఏడో తారీకున మా మిల్‌వుడ్స్ పేటలో సిటీ బస్సు కోసం నిలబడి ఆపా మెయిల్ తెరిచాను. హెలెన్ రాసింది. మర్యాదగా, చిన్నగా ఉంది ఉత్తరం. మీ చెల్లెలి వివరాలు డాక్టర్ మర్యంకి ఫోన్లో చదివి వినిపించాం, ఆ సంతకం తనది కాదని, ఆ పేరుతో లీగల్ ఆఫీసర్ ఎవరూ తమ దగ్గర లేరని చెప్పింది, అందువల్ల సీటు ఇవ్వలేకపోయాం, క్షమించండి. ఆ కింద ఇంకో నాలుగు వాక్యాలు. డాక్టర్ మర్యం మాకు ఇచ్చిన జాబితాలో మొదటి పేరు కూడా నిలోఫర్. ఆ ఇంటి గేటు దగ్గర పనిచేసిన మనిషి. ఫోన్ పనిచేయక ఆమెని కనుక్కోలేకపోయాం, బస్సు కదిలేదాకా ఆమె సీటు ఖాళీగానే ఉంచాం. ఆ నిలోఫర్ గురించి మీకు గానీ, మీకు తెలిసినవాళ్ళకి గానీ ఏమైనా తెలిస్తే దయచేసి చెప్పండి.

మొదటి పేరు. జడ్జిల కన్నా ముందు, డాక్టర్ల కన్నా ముందు. నేను చెరిపేసిన ఆ ఒక్క మాట ఉండి ఉంటే చాలు.

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. బెంచీ మీద కూర్చుని హెలెన్‌కి ఫోన్ చేసి అంతా కక్కేశాను. మీరు వెతుకుతున్న నిలోఫరే ఈమె, ఆ ఉత్తరం నేను రాశాను, సంతకం నేను పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

హెలెన్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నేను నిన్ను అడిగాను," అంది.

"మీరు ట్రాప్ చేస్తున్నారనుకున్నాను."

"ట్రాపా?" అంది, ఆ మాట ఎప్పుడూ విననట్టు. "మర్యం చెప్పింది నీకు తెలియాలి. లాయర్ల మొహాలు ఆ మగవాళ్ళలో ఎవరికీ తెలియవు, గేటు దగ్గర మనిషి మొహం అందరికీ తెలుసు, ముందు ఆమెని తీయండి అంది. నేను ఇద్దరు నిలోఫర్‌లు ఉన్నారనుకున్నాను. ఒకవేళ ఒకరేనేమో అని అనుమానం వచ్చే నీకు ఫోన్ చేశాను. గేటు అని నేనే అందిస్తే ఎవరైనా అవునంటారు, అందుకే ఏ పనైనా సరే అని అడిగాను."

ఆపాకి చెప్పాల్సింది నువ్వే, నాకు ఆమె భాష రాదు, అంది చివరికి. చెబుతానన్నాను.

ఇంటికి పోయి నాన్నకి ఫోన్ చేశాను. "గేటు కాడున్న బిడ్డా, చెప్పు," అన్నాడు. ఎప్పుడు చేసినా అట్లాగే అంటాడు. తిన్నావా అని అడిగి పెట్టేశాను. వర్షకి మాత్రం చెప్పాను. అది మొహాన చున్నీ కప్పుకుని, "నేను చెప్పాను కదక్కా, చెప్పాను కదా," అంటూ ఏడ్చింది. నేను దాన్ని కసిరి పడేశాను. తప్పు నాది, కసురు దానికి.

నెలాఖరుకి ఆఖరి సైనికుడు కూడా విమానం ఎక్కేశాడు. హెలెన్ సరైన కాగితాలు తయారుచేసి ఎన్ని చోట్లకి పంపాలో అన్ని చోట్లకి పంపింది. దారి మూసుకుపోయాక కాగితం సరిగ్గా ఉంటే ఎంత, లేకపోతే ఎంత! నిలోఫర్ ఇల్లు మార్చింది, మళ్ళీ మార్చింది, మళ్ళీ మార్చింది. మగతోడు లేకుండా బయట తిరగడానికి లేదు, పని చేయడానికి లేదు. వారానికోసారి ఎవరిదో ఫోన్ దొరికినప్పుడు నాతో మాట్లాడేది.

"నా కాగితం ఎక్కడిదాకా వచ్చింది, కావ్యా?"

"ప్రాసెస్‌లో ఉంది."

"ప్రాసెస్ అంటే?"

"నడుస్తోంది అని అర్థం."

దిల్‌సుఖ్‌నగర్‌లో రిఫ్యూజల్ వచ్చేసిన పిల్లలకి కూడా రెండు వారాలు ఆ మాటే చెప్పేవాళ్ళం. ఆపాకి చెప్పాలని ప్రతి సోమవారం అనుకునేదాన్ని. ప్రతి శుక్రవారం ఆమె పెట్టిన బొలానీ తినేదాన్ని. తిన్నాను, నిజంగా తిన్నాను, రుచి కూడా తెలిసింది నాకు.

నవంబరులో నిలోఫర్ ఉంటున్న ఇంటి ముసలావిడకి జబ్బు చేస్తే, రొట్టెలు తేవడానికి తను వెళ్ళింది. దుకాణం ముందు ఆడవాళ్ళ వరస. డబ్బులివ్వడానికి బురఖాలో కళ్ళ ముందుండే జాలీ ముసుగు ఎత్తింది, అంతే. రోడ్డు అవతల ఉన్నవాడు చూశాడు. వాడే, భార్య చెవి కోసినవాడు. వాడూ వాడి మనుషులూ అందరి ముందే జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళారు, ఒక్కరూ అడ్డం రాలేదు. మూడో రోజు, ఆడవాళ్ళని దాచిన ఆ పాత ఇంటి ఇనప గేటు ముందు శవాన్ని పడేసి పోయారు. గేటుకున్న కిటికీకి ఆమె చున్నీ కట్టి వేలాడదీశారు. ఇవన్నీ ముసలావిడ కొడుకు ఫోన్లో చెబుతుంటే ఆపా బేకరీ వెనక పిండి బస్తాల మధ్య కూర్చుని వింది. విన్నాక నా భుజం మీద తల పెట్టి, "నువ్వు ఎంత చేశావు జాన్ దానికోసం, దేవుడు రాయలేదు," అంది.

దేవుడి పేరు ఎందుకు, రాసింది నేను. ఆ మాట అనకుండా లేచి ఆమెకి నీళ్ళు తెచ్చిచ్చాను.

ఏడాదిన్నర గడిచింది. నా చదువు అయిపోయింది, వర్క్ పర్మిట్ వచ్చింది. అందులోనూ పాత ఇస్త్రీ బట్టలు కొన్ని అలాగే ఉన్నాయి, ఎవరూ పట్టుకోలేదు. 2023 ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆపా ఇంటికి రమ్మంది. తల్లి పెషావర్‌లో ఒంటరిగా ఉంది, ఆమెని తీసుకురావడానికి హెలెన్ సంఘమే స్పాన్సర్ చేస్తోంది. ఫారం నింపాలి. ఆపా యాలకుల టీ పెట్టి, పెన్ను నా చేతికిచ్చింది.

తల్లి సంతానం వివరాలు రాసే పేజీ వచ్చింది. ఒక్కొక్కరికి పేరు, పుట్టిన తేదీ, వృత్తి, అడ్రసు. చనిపోతే చనిపోయిన తేదీ. మొదటి వరసలో జర్ఘూనా అని రాశాను. రెండో వరసలో నిలోఫర్ అని రాసి ఆగాను.

"లీగల్ ఆఫీసర్ అని రాయి," అంది ఆపా.

"గేటు దగ్గర పని అని రాస్తాను ఆపా."

"ఎందుకు తగ్గిస్తావు నా చెల్లెల్ని?" ఆమెకి కోపం రావడం నేను అంతకు ముందు చూడలేదు. "నువ్వే కదా అప్పుడు పెద్దగా రాయాలన్నావు? అమ్మకి కూడా అదే చెప్పాను, అమ్మ ఊరంతా చెప్పుకుంది. చచ్చిపోయినదానికి ఆ మాత్రం హోదా ఇవ్వలేవా?"

"రాస్తే అమ్మ ఫైల్ కూడా ఆగిపోతుంది."

"ఎందుకు ఆగుతుంది?"

"డాక్టర్ మర్యం ఈ ఫైల్‌కి ఒక ఉత్తరం ఇచ్చింది. నిలోఫర్ గేటు దగ్గర పనిచేసింది, అందుకే చంపారు అని. ఇందులో వేరేగా ఉంటే..."

"అందుకే?" అంది ఆపా. "గేటు దగ్గర పనిచేసిందని డాక్టర్ మర్యంకి తెలుసా? తెలిస్తే అప్పుడు సీటు ఎందుకు ఇవ్వలేదు?"

ఇక దాటేయడానికి ఏమీ మిగల్లేదు. చెప్పాను. మొదటి పేరు నిలోఫర్‌దే అని, బస్సు కదిలేదాకా సీటు ఖాళీగా ఉంచారని, గేటు అని రాసి ఉంటే చాలని. హెలెన్ ఆ రోజు ఫోన్లో ఏమడిగిందో, నేనేం చెప్పానో అన్నీ చెప్పాను. మా నాన్న వాచ్‌మన్ అని, ఆ మాటంటే నాకు సిగ్గని కూడా చెప్పాను, అడగకపోయినా. ఏడుస్తూనే చెప్పాను. నా ఏడుపు నాకే అసహ్యం వేసింది.

ఆపా ఏడవలేదు. టీ కప్పు మీద మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఆ రోజు ఆవిడ గొంతు మెత్తబడింది," అంది చివరికి. "భాష రాకపోయినా తెలిసింది నాకు, ఏదో మంచి మాట అంటోందని. ఏమంటోంది అని నిన్ను అడిగాను."

"అడిగావు ఆపా."

"నీ చెయ్యి పట్టుకుని అడిగాను."

లేచి వెళ్ళిపోదామని కుర్చీ వెనక్కి జరిపాను. ఆమె నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. కింద పడిన పెన్ను తీసి నా వేళ్ళ మధ్య పెట్టింది.

"ఎక్కడికి పోతావు? నాకు రాయడం రాదు. రాయి. గేటు కాపలా అని రాయి. తప్పుల్లేకుండా రాయి. ఫారం మొత్తం అయ్యాక పో, మళ్ళీ నాకు కనిపించకు."

వృత్తి గడిలో గేటు కాపలా అని రాశాను. ఆ పక్కది చనిపోయిన తేదీ గడి. తేదీ నాకు తెలుసు, అయినా రాయలేక తలెత్తి ఆమె వైపు చూశాను. ఆపా ఒక్కొక్క అంకె చెప్పింది, నేను రాశాను.